ఆనపగింజల పురిటిగది

ఆ వారమంతా మా అత్త సన్యాసమ్మ కడుపుతో ఉన్న మనిషిలా నడిచింది. నడుము దగ్గర, చీర కుచ్చిళ్ళ లోపల, తడిగుడ్డలో కట్టిన ఆనపగింజల మూట. కూర్చోవాలంటే ముందు మూట మీద చెయ్యి పెట్టుకునేది. దగ్గొస్తే మూట పట్టుకుని దగ్గేది. డెబ్బయ్యేళ్ళు దాటిన మనిషి, రాత్రి ఒక పక్కకే తిరిగి పడుకునేది.

నారుకి వడ్లు నానేసి మొలకెత్తడానికి మండె కట్టినట్టే ఇదీ. గింజకి తడీ వెచ్చదనమూ రెండూ అందితేనే ముక్కు పగులుతుంది. పల్లెలో అయితే గడ్డివాములోనో పేడగుట్టలోనో మూట దాస్తారట. ఇక్కడ రంగూన్ నగరంలో, పజుండౌంగ్‌లో మూడో అంతస్తు ఇంట్లో వెచ్చగా ఉండేది మనిషి ఒళ్ళొక్కటే.

అవి మామూలు గింజలు కావు. మా ఆయన దండాసి, ఆవిడ పెద్దకొడుకు, పోయిన ఏడాది చైత్రంలో, బర్మావాళ్ళ నీళ్ళ పండగ వెళ్ళిన వారానికి జ్వరంతో పోయాడు. మేడ మీద పాత రంగుడ్రమ్ములో ఆనపపాదు వేసింది ఆయనే. విత్తనానికని ఒక కాయని కొయ్యకుండా వదిలాడు. మనిషి పోయాడు, కాయ తీగ మీదే ఎండింది. అత్త ఆ బుర్రని తెచ్చి వంటింటి మేకుకి వేలాడదీసింది. ఏడాది పొడుగునా గాలేసినప్పుడల్లా లోపల గింజలు గలగలమనేవి.

సంవత్సరీకం చైత్రంలో వస్తుంది. ఆ రోజు విస్తట్లో ఆయన పాదు కాయే కూరగా పడాలని అత్త పట్టు. మాఘం మొదట్లో మొలిస్తే చైత్రానికి కాయ అందుతుంది. ఫాల్గుణం దాకా ఆగితే అందదు. అడ్డమల్లా చలే. మాఘమాసంలో మాకులు వణుకుతాయంటారు కదా, ఈ ఏడు రంగూన్‌లో మనుషులూ వణికారు. ఎప్పుడూ బీరువా అడుగున పడుండే స్వెట్టర్లు వీధిలోకొచ్చాయి.

సగం గింజలు అప్పటికే పోయాయి. చలి తగ్గుతుందిలే అని అత్త వాటిని తిన్నగా డ్రమ్ములో పెట్టింది. ఎంతకీ మొలవకపోతే వేలితో తవ్వి చూసింది. గింజ గింజా లోపల మెత్తగా కుళ్ళి కంపుకొడుతోంది. మిగిలిన గుప్పెడే ఇప్పుడు నడుముకి ఎక్కింది. అవీ పోతే ఇంక లేవు.

నన్ను మాత్రం ముట్టుకోనివ్వలేదు. "ఏటిసూతకం ఉన్నదానివి. నీ సెయ్యి తగిల్తే కుళ్ళిపోతాయి. సమచ్చరీకం ఎల్లనీ" అంది. కోపంగా కాదు, పొయ్యి కాలుతుందని పిల్లకి చెప్పినట్టు చెప్పింది. ఆవిడది కడుపుకోత. నాదేమిటో ఎవరూ పేరు పెట్టలేదు. నేను సరేనని బియ్యం కడుక్కున్నాను. ఆయన పోయాక ఇంట్లో నా మాటలు తగ్గిపోయాయి.

మా మరిది గోపాలం పక్క పేట మింగళ తౌంగ్‌న్యున్‌లో ఉంటాడు. ఒకరోజు వచ్చి, తల్లి నడుము చూసి నవ్వాడు.

"అమ్మా, ఆనపకాయలకేటి కరువే? బజారు నిండా బూదీలు దొర్లతన్నాయి. ఒకటి కొని తెత్తాను." బర్మా మాటలో ఆనపకాయ అంటే బూదీ.

"బజారు కాయ నీకెడతార్లేరా, నువ్వు పోయినాక. ఆడికి ఆడి పాదు కాయే" అంది అత్త.

గోపాలం నవ్వు ఆగిపోయింది. టీ తాగకుండానే లేచాడు.

మా అత్త సంగతి తెలియనివాళ్ళకి ఆ మొండితనం అర్థం కాదు. ఆవిడ తండ్రి గంజాం నుంచి ఓడెక్కి వచ్చి ఇక్కడి కాలవ ఒడ్డు బియ్యం మిల్లుల్లో బస్తాలు మోశాడు. ఆవిడ ఇక్కడే పుట్టింది, గంజాం ఎటుందో కూడా చూడలేదు. చదువు లేదు. వాళ్ళమ్మ దగ్గర నేర్చుకున్న పని ఒక్కటే, పురుళ్ళు పొయ్యడం. కాలవ పక్క వీధుల్లో తెలుగిళ్ళలోనూ ఒరియా ఇళ్ళలోనూ, కొన్ని బర్మా ఇళ్ళలోనూ ఆవిడ చేతుల మీదే పిల్లలు పుట్టారు. ఎంతమందో ఆవిడకే తెలియదు. పోయినవాళ్ళు ఎవరెవరో మాత్రం ఇంటిపేర్లతో సహా చెబుతుంది.

పురిటిగదిలో ఆవిడ మాటే చట్టం. మంచం కింద కుంపటి, నిప్పుల మీద సాంబ్రాణి, వాము, వెల్లుల్లి పొట్టు. కిటికీ మూయాలి, తలుపు మూయాలి, సందు కనబడితే పాతగుడ్డ దోపాలి. "గాలి తగిల్తే పిల్లకి పట్టు, తల్లికి వాతం" అనేది. ఒక బాలింత మొగుడు బిడ్డని చూద్దామని తలుపు కొంచెం తీస్తే చీపురు తీసుకుని వీధి మలుపు దాకా తరిమిందట. ఆ బిడ్డే ఇప్పుడు సైకా, అంటే ఇక్కడి రిక్షా, తొక్కే సత్తిరాజు. "నీ మొకం సూడ్డానికే మీ అయ్య తన్నులు తిన్నాడ్రా" అని ఎదురైనప్పుడల్లా అంటుంది.

కాన్పులన్నీ ఆసుపత్రులకి వెళ్ళిపోయాక పిల్లలకి నీళ్ళు పొయ్యడం మిగిలింది. చేతులు వణకడం మొదలయ్యాక అదీ పోయింది. కాలవ పక్క కర్రిల్లు పడగొట్టి మమ్మల్ని ఈ సిమెంటు ఇంటికి పంపినప్పుడు, అన్నీ వదిలి ఒక్క కుంపటి చంకన పెట్టుకుని మెట్లెక్కింది.

మూట విప్పిన రోజు ఆవిడ ముఖం చూడాల్సింది. నాలుగైదు గింజలకి తెల్లటి ముక్కులు వచ్చాయి. మిగతావి కూడా నాని ఉబ్బాయి, కుళ్ళలేదు. నీళ్ళ సీసాలు అడ్డంగా కోసి కప్పులు చేశాం. వీధిలోంచి తాడుతో మట్టి సంచీ పైకి లాగాను. మట్టి లాగడానికి సూతకం అడ్డురాలేదు. వెనకవైపు చిన్నగదిలో బల్ల మీద కప్పులు వరసగా పెట్టి, పైన కరెంటు బల్బు వేలాడదీసింది. దాని వేడికే మొలకలు మట్టి పగలదీశాయి.

అప్పుడు ముసురు పట్టింది. మాఘంలో వాన ఎప్పుడో గాని రాదు. సముద్రం మీద ఏదో వాయుగుండమట. సన్నటి వాన, చల్లటి ఈదురుగాలి, పగలే చీకటి. దానికి తోడు కరెంటు పోయింది. ఎప్పుడూ వచ్చీ పోయేదే, ఈసారి రాలేదు. బల్బు ఆరిపోయింది. తెల్లారేసరికి మొలకలు తలలు వాల్చాయి.

అత్త ఒక్కోదాని తలా వేలితో ఎత్తి చూసింది. తరవాత అటక మీద నుంచి కుంపటి దింపమంది.

"అత్తా, ఈ గదిలోనా?"

"మరెక్కడ? పురిటిగది అనుకో. నాకు తెలిసిన పనే."

బొగ్గులు బాగా రాజేసింది. ఎర్రగా, పొగ లేకుండా. కిటికీ చట్రం చుట్టూ చీరపేలికలు దోపింది. లోపలికెళ్ళి గడియ వేసుకుంది. తలుపు కింది సందులోకి లోపలినుంచి తడిగుడ్డ చుట్ట తోసింది. నేను ఇవతల వంటింట్లో కూర తరుగుతూ ఉండిపోయాను. తలుపులోంచి సాంబ్రాణి వాసన, వాము వాసన. నా పెళ్ళయిన కొత్తలో ఆవిడ ఒంటి నిండా ఉండే వాసన అది.

కొంతసేపటికి లోపలి నుంచి కేక వినబడింది.

"ఒలే దేవీ! ఒకడు తలెత్తినాడే! పెద్దోడు. రెండాకులూ ఇప్పేసినాడు!"

కత్తిపీట వదిలి లేచాను. "చూడనా అత్తా? ఒక్కసారి."

"వద్దొద్దు. గాలొచ్చేత్తాది. సూతకం కూడాను. అక్కడే ఉండు, నాను సెప్తాను గదా." వెంటనే గొంతు మార్చి, "ఇంకోడు కూడా కదుల్తన్నాడు. సిన్నోడు బద్దకిస్టు, మీ గోపాలం లాగ" అంది. నాకు నవ్వొచ్చింది. ఎన్నాళ్ళకో.

అన్నం వార్చేసరికి మాట మారింది.

"తల దిమ్ముగా ఉందే. సాంబ్రాణి ఎక్కువైపోనాదేటో."

"కొంచెం తలుపు తియ్యి అత్తా."

"తీత్తే సచ్చిపోతాయి."

కూర తాలింపు వేస్తూ విన్నాను. లోపల ఎవరితోనో మాట్లాడుతోంది. మొలకలతోనే అనుకున్నాను. "కాళ్ళు సాపరా. అదీ. నూనె రాత్తాను. ఏడవకు దండాసీ, మీ అమ్మనే కదరా." మాటలు నీళ్ళలో నానినట్టు సాగుతున్నాయి. గరిటె కింద పెట్టాను. ఆయన పేరు ఏడాదిగా ఆవిడ నోట రాలేదు. "ఆడు" అనే అనేది.

"అత్తా!"

జవాబు లేదు. ఏదో డబ్బా కిందపడి దొర్లిన చప్పుడు. ఆ తరవాత ఏ చప్పుడూ లేదు.

తలుపు దగ్గరికి వెళ్ళాను. చెయ్యెత్తాను, కొట్టలేదు. ఆవిడ కునుకు తీస్తూ ఉంటే? నేను తలుపు బద్దలుకొట్టి చలిగాలి లోపలికి తోస్తే, ఆ మొలకలు చస్తే, చంపింది నా చెయ్యే అవుతుంది. సూతకం చెయ్యి. ఆయన చివరి గింజలు. ఈ ఇంట్లో నేను బతికినన్నాళ్ళూ ఆ మాట నాతోనే ఉంటుంది. పొగ కూడా రావడం లేదు. పొగ లేకుండా మనిషికేమవుతుంది?

చెవి తలుపుకి ఆనించాను. సన్యాసమ్మ నిద్రపోతే గురక వీధికి వినబడుతుంది. గురక లేదు.

సన్నికల్లు మీద పొత్రం తీసుకున్నాను. గడియ ఉన్న చోట కొట్టాను. మళ్ళీ మళ్ళీ కొట్టాను. ఎదురు వాకిలి డా తాన్ మే ఇనపగేటు లాగి పరిగెత్తుకొచ్చింది. ఆవిడ బర్మా మనిషి, డా అంటే వాళ్ళ మాటలో గారు; అత్తకి ముప్పయ్యేళ్ళ స్నేహం. "అమలే! అయ్యో, ఏమైందే?" అని బర్మాలో అరుస్తోంది. నేను చెప్పలేదు, కొడుతూనే ఉన్నాను. గడియ ఊడి తలుపు ఒక్కసారిగా లోపలికి పడిపోయినంత పని అయింది. రెక్క వెళ్ళి బల్లకి తగిలింది. కప్పులు బోర్లాపడ్డాయి.

అత్త గోడకి చేరబడి ఉంది, ఒళ్ళో ఒక కప్పు. చెంపలు ఎర్రగా, పెళ్ళికూతురికి రంగు పూసినట్టు ఉన్నాయి. కళ్ళు సగం తెరిచి ఉన్నాయి గాని చూపు లేదు. నేను చంకల కింద చేతులేసి లాగాను, డా తాన్ మే కాళ్ళు పట్టింది. వసారాలోకి, వాన జల్లు పడే చోటికి లాగాం. డా తాన్ మే ముక్కుకి తడి కొంగు చుట్టుకుని మళ్ళీ లోపలికెళ్ళి కిటికీ బార్లా తీసింది. పేలికలన్నీ వీధిలోకి ఎగిరాయి.

"ఊపిరి తీస్తోందా? చూడు, తీస్తోందా?" అని అడుగుతూనే ఉంది. ముక్కు దగ్గర చెయ్యి పెట్టాను. నా చెయ్యే చల్లగా ఉండి ఏమీ తెలియలేదు. చెంప పెట్టాను. అప్పుడు తెలిసింది, సన్నగా, మొలకంత.

మేడ మీద నుంచి డా తాన్ మే సత్తిరాజుని కేకేసింది. వాడే మెట్లన్నీ అత్తని వీపున మోసి దింపాడు. సైకాలో నేను ఒళ్ళో పట్టుకుని కూర్చున్నాను. వానలో వాడు తొక్కుతూ, "అవ్వా, ఓ అవ్వా, తిట్టవే నన్ను" అంటూనే ఉన్నాడు. సగం దారిలో అత్త నా చీర మీద వాంతి చేసుకుంది. అంత సంతోషంగా ఎప్పుడూ చీర పాడుచేసుకోలేదు.

వీధి చివరి ధర్మాసుపత్రిలో నర్సు అడిగిన మొదటి మాట, "బొగ్గులు కాల్చి తలుపులు మూశారా?" పొగ కనబడకపోయినా బొగ్గు గాలి మనిషిని నిద్రలోనే తీసుకుపోతుందని చెప్పి, మూతికి గొట్టం తగిలించింది. మధ్యాహ్నం దాటాక అత్త కళ్ళు తెరిచి గొట్టం పీకబోయింది.

"మూతికిదేటే, ఎద్దుకి సిక్కం కట్టినట్టు?"

సత్తిరాజు బయటికి వెళ్ళి కళ్ళు తుడుచుకున్నాడు.

"కుంపటి వల్లేనట అత్తా" అన్నాను.

"ఊరుకో. కర్రింట్లో ఎన్ని పురుళ్ళు పోసినాను! ఎవులికేటైనాది?"

"కర్రింటికి ఒళ్ళంతా సందులే కదా అత్తా. ఈ గదికి ఉన్నది ఒక్క కిటికీ. దాన్నీ మూసేశావు."

ఆవిడ పైకప్పు వైపు చూసింది. నర్సు వచ్చి వెళ్ళింది. అప్పుడు అంది:

"అయితే బాలింతల్ని కాసింది నాను మూసిన సందులు కాదన్నమాట. మూయకుండా మిగిలిపోనవి."

నేను ఆవిడ చెయ్యి పట్టుకున్నాను. పట్టుకోనిచ్చింది. తరవాత అడిగింది, "పిల్లలెలాగున్నాయి?"

"తెలీదు అత్తా."

సాయంత్రం ఇంటికొచ్చాం. వెనకగది కిటికీ పొద్దుటి నుంచి బార్లా తీసే ఉంది. నేలంతా తడి. అత్త గుమ్మంలో నిలబడి చూసింది. మొలిచినవన్నీ తడిసిన దారాల్లా మట్టికి అంటుకుపోయాయి. పెద్దోడు తలుపు దెబ్బకి నడిమికి విరిగాడు. ఆ ముక్క తీసి అరచేతిలో పెట్టుకుంది. నన్ను తిట్టలేదు. తిడితే బాగుండేదనిపించింది. వెళ్ళి గోడవైపు తిరిగి పడుకుంది.

నేను దీపం పెట్టుకుని నేల మీద కూర్చున్నాను. బోర్లాపడ్డ కప్పుల మట్టి పిడికిలి పిడికిలిగా చిదిపాను. మొలవని గింజలు ఇంకా కొన్ని ఉన్నాయి. ఒక్కొక్కటే కడిగి నొక్కి చూశాను. మెత్తబడినవి పక్కన పెట్టాను. గట్టిగా ఉన్నవి మూడు దొరికాయి. ఒకదానికి సూదిమొనంత తెలుపు కనిపిస్తోంది. ఆయన పాత చొక్కా చింపి గుడ్డ తడిపి మూటకట్టాను. సూతకం గుర్తుకొచ్చింది. అయినా నడుముకి కట్టుకున్నాను. ఆ చల్లదనానికి కడుపు జివ్వుమంది.

లేచి చూస్తే అత్త ఇటు తిరిగి ఉంది. కళ్ళు తెరిచే ఉన్నాయి. ఎప్పటినుంచి చూస్తోందో తెలియదు. నేను మూట మీద చెయ్యి పెట్టుకున్నాను.

"గుడ్డ ఆరిపోనీకు" అంది. దుప్పటి ముఖం మీదికి లాక్కుంది.

నేనూ ఒక పక్కకే తిరిగి పడుకోవడం నేర్చుకున్నాను. ముసురు వెళ్ళిపోయింది, ఎండొచ్చింది. మూడింటిలో రెండు మొలిచాయి. కిటికీ రెక్క కొంచెం తీసి, ఎండ ఎటు జరిగితే కప్పుల్ని అటు జరుపుతూ పెంచాం. ఒకటి నేనెత్తితే ఒకటి ఆవిడెత్తేది. ఫాల్గుణంలో మేడ మీద డ్రమ్ములోకి మారాయి. అప్పటికే ఆలస్యమైంది. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు, ఇద్దరం అనుకోలేదు. అత్త రోజూ మెట్లెక్కి పూలు చూసి వచ్చేది. మగపూలే. తరవాత ఆడపూలు, వాటి వెనక బొటనవేలంత పిందెలు. చైత్రం ఆగలేదు.

సంవత్సరీకం నాడు పొద్దున్నే గోపాలం వచ్చాడు. ఒక సంచీ తలుపు చాటున పెట్టి, ఏమీ ఎరగనట్టు నిలబడ్డాడు. అత్త సంచీ విప్పింది. బజారు ఆనపకాయ, నున్నగా, పొడుగ్గా ఉంది. గోపాలం నేల చూశాడు.

"తెచ్చినావు గదా. కొయ్యి మరి. అలగ సూత్తావేటి?" అంది.

తరవాత నా వైపు తిరిగింది. "దేవీ, మేడ మీదికెల్లి ఆ తీగ కొసలు తుంచుకురా. లేతవి. తాన్ మే సేసినట్టు పులుసు కాద్దాం. ఆడు నా వంట ఒగ్గీసి ఆ పులుసు కోసమే ఎదురింటికి పోయేవోడు."

బర్మావాళ్ళు ఆనపతీగ కొసలు ఇష్టంగా తింటారు. ఆయనా తినేవాడు. డా తాన్ మే వాకిట్లో మెట్టు మీద కూర్చుని, గిన్నె ఎత్తి తాగేవాడు.

"నేను తుంచనా అత్తా? ఇంకా కార్యం అవలేదు."

"మరెవులు తుంచుతారు? నీ నడుమున మొలిసింది కాదేటి?"

మేడ మీద ఎండ అప్పుడే వేడెక్కుతోంది. తీగ పిట్టగోడ మీదికి పాకింది. కొసల మీది నూగు వేళ్ళకి మెత్తగా తగిలింది. గోటితో తుంచితే టప్పుమని విరిగాయి. ఒళ్ళో వేసుకుని దిగాను.

విస్తట్లో అన్నీ వడ్డించాక గోపాలం నీళ్ళు చిలకరించాడు. బజారు కాయ కూర ఒక పక్క, తీగ పులుసు ఆకుదొన్నెలో ఒక పక్క. అత్త విస్తరి ముందు వంగి దొన్నెని కొంచెం ముందుకి జరిపింది.

"కాయ ఇంకా పిందెరా. సలికి ఆలీసమైపోనాది" అంది. "ఈ ఏటికి ఆకు తిను."